డ్యూటీ చేస్తూ పీఏ అవ్వొచ్చా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగం పైన ఒకటే గోల, ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు. పీఏ అంటే అదే, డాక్టర్ కింద ఉంటూ పేషెంట్లని చూసే ఉద్యోగం. వైజాగ్‌లో ఎక్కడో యాడ్లు గట్టిగానే తిరుగుతున్నట్టున్నాయి. అందుకే అత్తాకోడళ్ళ గొడవలు, అద్దె అడ్వాన్సు తగాదాలు వచ్చేసారికి పెట్టి ఇవే తీసుకున్నా. నేను ఇరవై రెండేళ్ళు హాస్పిటల్ వార్డుల్లో తిరిగినదాన్ని, కాస్త ఎక్కువ మాట్లాడేస్తా, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కూర్మన్నపాలెం. ఇంటర్ బైపీసీ అయ్యాక అనస్థీషియా టెక్నీషియన్ డిప్లొమా చేసి ఆరిలోవ వైపు ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఓటీలో (ఆపరేషన్ థియేటర్) తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నా, జీతం 19 వేలు. మా ఆయనది స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు, పాప రెండో క్లాసు. కాంప్లెక్స్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 6 నెలల ఆన్‌లైన్ పీఏ కోర్సు, ఫీజు 85 వేలు, డ్యూటీ మానక్కర్లేదు, రాత్రి 9 నుంచి 10 దాకా క్లాసు, అమెరికాలో కూడా చెల్లుతుంది అంటున్నారు. శుక్రవారం లోపు 10 వేలు కడితే సీటు ఆపుతారట. కట్టేయమంటారా?

జవాబు: కట్టొద్దమ్మా. శుక్రవారం కాదు, ఏ వారమూ కట్టొద్దు.

వాళ్ళ లెక్కే తీసుకుందాం. రోజుకి గంట, 6 నెలలు, ఆదివారాలు కూడా కలిపేసుకున్నా 180 గంటలు. 2021లో పార్లమెంట్‌లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, అందులో ఫిజీషియన్ అసోసియేట్ అనే పేరు కూడా ఉంది, అంటే మన పీఏనే. ఆ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ చదువు ఎంత తక్కువైనా 2,000 గంటలు, రెండేళ్ళు ఉండాలి, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ డిగ్రీ అయితే 3,600 గంటలు, మూడేళ్ళు. వీళ్ళు చెప్పే 180 గంటలు ఏ మూలకి? పైగా ఆ చట్టం కిందకొచ్చే కోర్సులు వేటినీ ఆన్‌లైన్‌లో గానీ డిస్టెన్స్‌లో గానీ పెట్టకూడదని, 2025 జులై ఆగస్టు అడ్మిషన్ల నుంచే ఆపేయమని యూజీసీ యూనివర్సిటీలకి చెప్పేసింది. యూనివర్సిటీలకే లేని వీలు కన్సల్టెన్సీకి ఎక్కడినుంచి వస్తుంది?

సరే రూలు సంగతి వదిలెయ్యండి, పని సంగతి చెప్తా. బైపాస్ ఆపరేషన్ అయిన పేషెంటుకి ఛాతీ డ్రెయిన్ ఉంటుంది కదా, లోపలి రక్తాన్ని బయటికి తీసే ట్యూబ్, గంటగంటకీ ఎన్ని ఎంఎల్ వచ్చిందో చార్టులో రాస్తాం. ఒక రాత్రి 100, 110, 90 అలా వస్తున్న డ్రెయిన్ ఒక్కసారిగా 10కి పడిపోయింది. కొత్తగా చేరిన అబ్బాయి హమ్మయ్య బ్లీడింగ్ ఆగిపోయిందని సంబరపడిపోయాడు, పక్క బెడ్ దగ్గరున్న పీఏ అమ్మాయి మాత్రం చార్టు ఒకసారి చూసి, ట్యూబ్ చేత్తో పట్టుకుని చూసి, మెడ నరాలు చూసి, బీపీ చూసి పరిగెత్తుకెళ్ళి సర్జన్‌కి ఫోన్ చేసింది. రక్తం ఆగలేదు, ట్యూబ్‌లో గడ్డకట్టి బయటికి రాలేక గుండె చుట్టూ పేరుకుంటోంది. మళ్ళీ ఓటీకి తీసుకెళ్ళారు, ఆయన బతికాడు. ఆ అమ్మాయికి ఆ సంగతి పుస్తకంలోనూ ఉంది, వీడియోలోనూ ఉంది, కానీ అలాంటి ట్యూబులు ఓ రెండొందలు చేత్తో పట్టుకున్నాకే అలా పరిగెత్తడం వస్తుంది. మీరు తొమ్మిదేళ్ళు ఓటీలో ఉన్నారు, నేను చెప్పేది మీకు నాకంటే బాగా తెలుసు.

మరి చదవాలనుంటే ఎలా అంటారా. మన దగ్గర బీఎస్సీ పీఏ మామూలుగా నాలుగేళ్ళు, మూడేళ్ళు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. బైపీసీ చేశారు కాబట్టి చదువు పరంగా అర్హత ఉంటుంది. కానీ రోజూ వెళ్ళాలి, హాజరు చూస్తారు. నైట్ డ్యూటీలు, వీకెండ్ డ్యూటీలు చేసుకుంటూ మొదటి రెండేళ్ళు లాగేసిన పిల్లల్ని నేను చూశా, కళ్ళ కింద నల్లటి చారలేసుకుని వచ్చేవాళ్ళు, కానీ వాళ్ళకి ఇంట్లో రెండో క్లాసు పాప లేదు. ఇంటర్న్‌షిప్ ఏడాది మాత్రం వేరే ఉద్యోగం కుదిరే పని కాదు. ఉద్యోగం మొత్తం మానేస్తే 19 వేలు చొప్పున 48 నెలలకి 9 లక్షల 12 వేలు, ఇది పోయే జీతం మాత్రమే, ఫీజు వేరే. చేదుగా ఉంది, తెలుసు. కానీ ఈ అంకె కాగితం మీద రాసుకుని మీ ఆయనతో కూర్చుని మాట్లాడుకున్నాకే ఏ కాలేజీ గుమ్మమైనా ఎక్కండి.

దానికంటే ముందు ఇంకోటి. మీ హాస్పిటల్ హెచ్‌ఆర్ దగ్గరికెళ్ళి మన దగ్గర పీఏ పోస్టు ఉందా, ఉంటే ఎంతిస్తున్నారు, నేను చదివొస్తే తీసుకుంటారా, ఫీజులో ఏమైనా సాయం చేస్తారా అని అడగండి. మొహమాటపడకండి, తొమ్మిదేళ్ళ మనిషిని ఊరికే పొమ్మనరు. కాలేజీ వాళ్ళని అడగాల్సింది రెండే, సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుంటుంది, క్లినికల్స్, అంటే పేషెంట్ల దగ్గర ట్రైనింగ్, ఏ హాస్పిటల్లో. రెండూ కాగితం మీద ఇమ్మనండి, నోటిమాట వద్దు.

ప్రశ్న: నమస్తే అండీ, మాది మధురవాడ. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, ఇక్కడ మైక్రోబయాలజీ డిగ్రీ చేసింది, అల్లుడి ఉద్యోగ వీసా మీద భార్యకిచ్చే హెచ్-4 వీసా, బాబుకి మూడేళ్ళు. అక్కడ పీఏలకి మంచి పేరుందట, ఇంట్లో ఉండి ఆన్‌లైన్‌లో చేసేస్తానంటోంది. అవుతుందా?

జవాబు: సగం అవుతుందండీ. అమెరికాలో ఇది పీజీ స్థాయి చదువు, మామూలుగా 27 నెలలు, అందులో దాదాపు 2,000 గంటలు హాస్పిటళ్ళలో, క్లినిక్కుల్లో రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో కొన్నాళ్ళు చొప్పున పని నేర్చుకోవడం. యేల్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఆన్‌లైన్ పీఏ ప్రోగ్రామ్ మొదలెట్టారు, పేరు విని అంతా ఇంట్లో కూర్చునే అనుకుంటారు, కానీ లెక్చర్లు మాత్రమే ల్యాప్‌టాప్‌లో, మధ్యలో క్యాంపస్‌కి వెళ్ళాలి, రొటేషన్లకి పేషెంట్ల దగ్గరికి వెళ్ళాల్సిందే. పార్ట్‌టైమ్‌లో నడిచేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిల్లోనూ క్లినికల్ కాలం వచ్చేసరికి పూర్తి టైమే.

అసలు అమ్మాయికి ఉపయోగపడే ఆన్‌లైన్ ఏదంటే, పీఏకి ముందు చదవాల్సిన సబ్జెక్టులు. అనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ లాంటివి చాలా కాలేజీలు అమెరికాలోనే చదివి ఉండాలంటాయి, మన డిగ్రీలో ఎంత చదివినా సరే. వాటిని కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో సెమిస్టర్‌కి ఒకటి రెండు చొప్పున, బాబు పడుకున్నాక చదువుకోవచ్చు. ల్యాబ్ ఆన్‌లైన్‌లో చేస్తే ఒప్పుకుంటారో లేదో తను అప్లై చేయబోయే కాలేజీలని ముందే మెయిల్ పెట్టి అడగమనండి, తర్వాత ఏడిస్తే లాభం లేదు.

ఇంకో చిక్కుంది. చాలా కాలేజీలు పేషెంట్ల దగ్గర పనిచేసిన గంటలు అడుగుతాయి, కొన్ని వెయ్యి గంటలు. హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ జీతానికి పని చేయాలంటే ఈఏడీ అనే వర్క్ పర్మిట్ ఉండాలి, అది రావాలంటే మామూలుగా మీ అల్లుడి గారి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, అప్రూవ్ అవ్వాలి. కాబట్టి మొదటి ప్రశ్న కాలేజీకి కాదు, అల్లుడి గారికి.

చివర్లో పాన్స్ అనే పరీక్ష, 300 ప్రశ్నలు, 5 గంటలు. అక్కడి గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో పాసైన వాళ్ళకే ఆ పరీక్ష రాసే హక్కు. కూర్మన్నపాలెం అమ్మా, మీరు ఇది చదువుతుంటే, అమెరికాలో చెల్లుతుందన్న మాటకి జవాబు ఇదే, ఆ 6 నెలల కాగితమే కాదు, మన బీఎస్సీ పీఏ మీద కూడా ఆ పరీక్ష రాయనివ్వరు.

ప్రశ్న: అనకాపల్లిలో ఒక డాక్టర్ గారి క్లినిక్‌లో నాలుగేళ్ళుగా ఉన్నా మేడమ్. ఇంజెక్షన్లు, సెలైన్లు, కుట్లు అన్నీ వచ్చు. నువ్వే నా పీఏవిరా అంటారు సార్. కార్డు మీద పీఏ అని వేయించుకోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఆయన ముద్దుగా అన్నమాట ముద్దుగానే ఉండనీ. చదవకుండా ఆ పేరు పెట్టుకుంటే రేపు ఏదైనా అయితే నిన్నే నిలదీస్తారు, అప్పుడు సార్ నీ పక్కన ఉంటారో ఉండరో. ఆ కుట్లు వేయడం కూడా తగ్గించు. బైపీసీ అయ్యుంటే, వయసు ఇరవైల్లోనే ఉంటే, పెళ్ళికాకముందే రెగ్యులర్ కోర్సులో చేరు, నీకు దక్కినంత అలవాటు క్లాసులో ఎవడికీ ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి చెన్నైలో పీఏగా చేస్తున్నాడు. గాజువాక నుంచి ఒక సంబంధం వచ్చింది, వాళ్ళు పీఏ అంటే డాక్టర్ గారి ఫైళ్ళు మోసే పర్సనల్ అసిస్టెంటా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: నవ్వొచ్చింది గానీ వాళ్ళ తప్పేం లేదు, మన హాస్పిటళ్ళలోనే సగం మందికి తెలీదు. ఇది 1965లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదలెట్టింది, నేవీలో వైద్య సేవలు చేసొచ్చిన నలుగురితో. నేవీ అంటే మన వైజాగ్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా. మన దేశానికి 1992లో చెన్నైలోనే వచ్చింది, గుండె సర్జన్ కె.ఎం. చెరియన్ గారు మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలెట్టారు. మీవాడు పేషెంటు హిస్టరీ తీసుకుంటాడు, పరీక్ష చేస్తాడు, కేస్ షీట్ రాస్తాడు, గుండె ఆపరేషన్ టీమ్‌లో ఉంటే బైపాస్‌కి కాలి నుంచి వీన్ (రక్తనాళం) తీసి సర్జన్ చేతికిస్తాడు. సొంతంగా ప్రాక్టీస్ పెట్టలేడు, డాక్టర్ కింద పనిచేస్తాడు, అది కూడా దాచకుండా చెప్పేయండి. ఆ వీన్ తీసే సంగతి మాత్రం భోజనాలయ్యాక చెప్పండి.