తగ్గింది ధరా, జోరా?

సందేహం: పేపర్లో ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అని వచ్చిన రోజే టీవీ స్క్రోలింగ్‌లో ‘తగ్గిన ధరలు’ అని వేశారు. మా బజార్లో ఏ ధరా తగ్గలేదు. ‘ఇది నిజం కాదు’ అన్నాను. మా అబ్బాయేమో ‘అది వాస్తవం, నీది అభిప్రాయం’ అంటున్నాడు. నిజం, వాస్తవం వేరా? మాలో ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, పేపరువాళ్లు రాసింది ఒప్పు, టీవీవాళ్లు వేసింది తప్పు. మీ అబ్బాయి రెండింటినీ ఒకటే అనుకున్నాడు. ముందు ఆ ముడి విప్పుదాం.

ద్రవ్యం, ఉల్బణం కలిస్తే ద్రవ్యోల్బణం. ఉల్బణమంటే మిక్కుటం. డబ్బు మిక్కుటమై విలువ పలచబడడం అన్న ఊహతో కట్టిన మాట ఇది. ఇప్పుడు దాన్ని ధరలు పెరిగే వేగానికి వాడుతున్నాం. నిరుడు ఇదే నెలలో ఉన్న ధరల మీద ఇప్పుడెంత శాతం పెరిగాయన్నదే ఆ లెక్క. కాబట్టి ‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అంటే తగ్గినది వేగం. విజయవాడ వెళ్లే బస్సు వేగం తగ్గిందంటే అది మళ్లీ తెనాలి వచ్చేసిందని కాదు కదా! ధరలే మొత్తంగా దిగివస్తే దానికి ప్రతిద్రవ్యోల్బణం అని వేరే పేరుంది.

2023 జూలై గుర్తుండే ఉంటుంది. టమాటా కిలో వంద దాటింది. ఆ నెల దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.44 శాతం. ఏడాది తిరిగేసరికి, 2024 జూలైలో అది సుమారు 3.6 శాతానికి దిగింది. సగానికి సగం! కానీ కాగితం మీద వేసి చూడండి. 2022 జూలైలో 100 రూపాయలకు వచ్చిన సరుకులకు 2023 జూలైలో 107 రూపాయల 44 పైసలు, 2024 జూలైలో 111 పైచిలుకు. ‘తగ్గిన’ ఏడాది కూడా బిల్లు పెరిగింది. పైగా 2023 జూలై ధరలు అంత ఎత్తున ఉండబట్టే, వాటితో పోల్చిన మరుసటి ఏటి శాతం చిన్నదిగా తేలింది.

ఇక నిజం. సంస్కృతంలో ‘నిజ’ అంటే తనదైన, సొంత అని. టమాటా మండిపోయిన ఆ 2023లోనే అధిక శ్రావణం వచ్చింది, దాని వెనక నిజ శ్రావణం. మొదటిది అబద్ధమని కాదు, రెండోది అసలు శ్రావణమని. తెలుగులోనూ కన్నడంలోనూ ఈ మాట సత్యమనే అర్థంలో స్థిరపడింది. వాస్తవం ‘వస్తువు’లోంచి పుట్టింది. వాడుకలో నాకు కనిపించే తేడా ఏమంటే, నిజం ఎక్కువగా మాటను అంటిపెట్టుకుంటుంది, వాస్తవం సంగతిని. పిల్లవాణ్ణి ‘నిజం చెప్పు’ అని గద్దిస్తాం, ‘వాస్తవం చెప్పు’ అనం. మీ చేతిలో ఉన్న కిరాణా చీటీ వస్తువే కాబట్టి మీ మాట ఒట్టి అభిప్రాయం కాదు, మీ బజారు వాస్తవం. దేశం మొత్తం మీది సగటు ఇంకో వాస్తవం. కూరగాయలకు ఎక్కువ ఖర్చయ్యే ఇల్లూ, ఫీజులకు ఎక్కువ ఖర్చయ్యే ఇల్లూ ఆ సగటుకు చెరో పక్కన ఉంటాయి.

ఒకే వాస్తవం నోటిని బట్టి మారడమూ ఉంది. మదనపల్లె మార్కెట్లో రైతు ‘టమాటాకు ధర లేదు’ అంటాడు. గిట్టుబాటు ధర లేదని దాని అర్థం. అదే రోజు కొనేవాళ్లు ‘ధర దిగింది’ అని సంబరపడతారు. ఎవరూ అబద్ధమాడలేదు.

మీరు అడగకపోయినా ఇంకో రెండు మాటలు. హిందీలో వాస్తవాన్ని ‘తథ్య’ అంటారు. అనువాదకులు కొందరు దాన్ని అలాగే ‘తథ్యాలు’ అని దించేస్తున్నారు. తెలుగులో ఎక్కువగా తప్పనిదాన్నే తథ్యం అంటాం, ‘ఓటమి తథ్యం’ అన్నట్టు. ‘ఆర్థిక తథ్యాలు’ అని చదివితే ఏం ముంచుకొస్తోందో అని నాకు టెన్షన్. అలాంటిదే ‘నామమాత్ర వేతనం’. చేతికొచ్చే రూపాయల లెక్కకు ఆ పేరు పెట్టారు. మామూలు చదువరికి మాత్రం అది బొటాబొటి జీతం. ద్రవ్య వేతనం అంటే గొడవ ఉండదు. దాంతో ఎన్ని సరుకులొస్తాయో అది నిజ వేతనం. జీతం 5 శాతం, ధరలు 7 శాతం పెరిగిన ఏడాది ద్రవ్య వేతనం పెరిగి నిజ వేతనం తగ్గినట్టు.

టీవీవాళ్లు ‘ధరల జోరు తగ్గింది’ అని వేస్తే సరిపోయేది, ఒక్క మాటే ఎక్కువ. ‘తగ్గిన ధరల జోరు’ అని మాత్రం తిప్పకూడదు. తగ్గింది ధరలో జోరో తెలియక మీ ఇంట్లో తగాదా మళ్లీ మొదటికొస్తుంది.