రేడియేషన్‌కి ముందే అండాశయాలను పక్కకి జరిపించవచ్చు

మీ చెల్లెలికి 26 ఏళ్లు, రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్, మూడు వారాల్లో హైదరాబాద్‌లోనే పొత్తికడుపుకి రేడియేషన్ మొదలవుతుంది, ముందుగా అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్ వేయిస్తే పిల్లలు పుట్టే అవకాశం మిగులుతుందా అని అడిగారు. ఆ ఇంజెక్షన్ మీద ఆశ పెట్టుకోకండి. అది కీమో సమయంలో ఇచ్చేది, రేడియేషన్‌కి అడ్డుపడదు.

ఐదారు వారాల కోర్సయితే 45-50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దాకా ఇస్తారు. అండాశయంలోని అండాల్లో సగం నశించడానికి 2 గ్రే కూడా అక్కర్లేదు. సీసపు కవచం మగవాళ్ల వృషణాలకి పనికొస్తుంది గానీ, కడుపు లోపలున్న అండాశయాలకి కాదు. అందుకే వాటినే జరుపుతారు. లాపరోస్కోపీతో, రక్తనాళాలు తెగకుండా, పైకీ పక్కకీ తెచ్చి కుట్టేస్తారు. స్కాన్‌లో ఆనవాలు తెలిసేలా చిన్న మెటల్ క్లిప్పులు పెడతారు. ఇదంతా ప్లానింగ్ సీటీకి, అంటే రేడియేషన్ ఎక్కడ పడాలో గుర్తించడానికి తీసే స్కాన్‌కి, ముందే అయిపోవాలి. జరిపినా వంద శాతం హామీ ఉండదు కాబట్టి అండాలు కూడా ఫ్రీజ్ చేయించమనే నా సలహా. దానికి సుమారు రెండు వారాలు పడుతుంది, నెలసరి కోసం ఆగక్కర్లేదు.

ఇంకో సంగతి దాచకూడదు. గర్భసంచి రేడియేషన్ పడే చోటే ఉంటుంది. అండాలు మిగిలినా తను బిడ్డను మోయడం కష్టం కావచ్చు, సరోగసీ గురించి ఆలోచించాల్సి రావచ్చు. ఈ మాట డాక్టర్ చేతనే ఆ అమ్మాయికి చెప్పించండి, నిర్ణయం తనదే.

రేపే ఫైలు, స్కాన్ సీడీ పట్టుకుని ఫెర్టిలిటీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అక్కడి నుంచే రేడియేషన్ డాక్టర్‌కి ఫోన్ కలిపి ఇద్దరినీ మాట్లాడించండి. తేదీలు వాళ్లిద్దరూ కలిసి ఖాయం చేయాలి.