కర్నూలుకు ఆ పేరు ఎలా వచ్చింది?

అసలు పేరు కందనవోలు. తుంగభద్రకు అవతలి ఒడ్డున అలంపురం గుడి కట్టేటప్పుడు రాళ్లు మోసే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడే ఆగేవట. ఇరుసులకు కందెన రాసుకుని, కిర్రుమనే చప్పుడు తగ్గాక నీళ్లలోకి దిగేవి. అలా కందెన దొరికే ఊరు కందనవోలైందని చెబుతారు. రాసిపెట్టిన ఆధారం కన్నా జనం నోట నిలిచిన కథ ఇది. అయినా ఏరు దాటే చోట ఊరు పుట్టడం నమ్మదగ్గదే. నవాబుల నోట, దొరల నోట నలిగి చివరికి కర్నూలు మిగిలింది.

కడపదీ ఇలాంటి సంగతే. తిరుమలకు గడప లాంటిదని ఆ పేరట, దేవుని కడప గుడి అక్కడే ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రం 2005లో మారింది.

పేటల పేర్లకు ఇంత చరిత్ర అక్కర్లేదు. కర్నూల్లో రాజ్‌విహార్ సెంటర్ పేరు ఒక హోటల్‌ది, ఆటోవాళ్లకు అదే అడ్రస్.