లోన్ తీసుకుని డౌన్‌పైప్ వేయించాలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట, ఉద్యోగం విజయవాడలో. రోజూ నా 1.0 టర్బో పెట్రోల్ కారులోనే వెళ్లొస్తాను. జీతం 52,000. కారు ఈఎంఐతో కలిపి ఖర్చు 40,000. బ్యాంకులో 40,000 ఉంది. ఆటోనగర్‌లో ఒక షాపులో క్యాట్ ఉన్న డౌన్‌పైప్ 58,000, క్యాట్ లేనిది 34,000, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) 32,000 చెప్పారు. రెండేళ్ల పర్సనల్ లోన్ 16 శాతానికి వస్తుంది. కారు వారంటీ ఇంకా 16 నెలలుంది. ఏ పైపు తీసుకోమంటారు?

జవాబు: లోన్ మాత్రం వద్దండి. పైపు సంగతి ముందు చెబుతాను.

టర్బో నుంచి వేడి పొగ బయటపడే మొదటి గొట్టం డౌన్‌పైప్. చాలా కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే మీరు చెప్పిన క్యాట్, అందులోనే ఉంటుంది. దాన్ని తీసేస్తే పొగకు అడ్డు తగ్గి టర్బో త్వరగా అందుకుంటుంది, అది నిజమే. కానీ కార్బన్ మోనాక్సైడ్‌నీ, సరిగా కాలని పెట్రోల్ ఆవిరినీ శుభ్రం చేసేది ఆ క్యాటే. అది లేకపోతే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మీ వెనకాల బైకు మీద పిల్లల్ని ఎక్కించుకుని వచ్చేవాళ్లు ఆ గాలి పీల్చాలి. 24,000 మిగులుతుందని దాని జోలికి వెళ్లకండి. పైగా కాలుష్య ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 దాకా జరిమానా వేయొచ్చు, మూడు నెలలు లైసెన్సు పోవచ్చు. క్యాట్ తర్వాత ఉండే ఆక్సిజన్ సెన్సర్ తేడా పసిగట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆపేస్తామని షాపువాళ్లు అంటే ఒప్పుకోకండి. క్యాట్ ఉన్నదైనా కంపెనీ పైపు కాదు కాబట్టి, చట్టపరంగా ఏ ఇబ్బందీ ఉండదని అనుకోవద్దు.

ఇక డబ్బు. క్యాట్ ఉన్న పైపు, రీమ్యాప్ కలిపి 90,000. లోన్ తీసుకుంటే నెలకు దాదాపు 4,400 చొప్పున రెండేళ్లు కట్టాలి. వడ్డీయే 15,700 పైచిలుకు. అంతకంటే నాకు టెన్షన్ పెట్టేది వారంటీ. రీమ్యాప్ చేశాక టర్బోకో ఇంజిన్‌కో ఏదైనా అయితే కంపెనీ ఖర్చు భరించనంటుంది. అప్పుడు మీ చేతిలో ఉండేది ఒక్క నెల ఖర్చుకు సరిపడే డబ్బు.

మీకు నెలకు 12,000 మిగులుతోంది. అందులో 5,000 బ్యాంకులో 18 నెలల ఆర్‌డీ వేయండి, ఆ 90,000 చేతికొస్తుంది, వడ్డీ అదనం. ఈలోగా వారంటీ కూడా అయిపోతుంది. మిగతా 7,000 అత్యవసర నిధికి. ఇప్పుడున్న 40,000తో కలిపి 18 నెలలకు అది 1,66,000 అవుతుంది, అంటే నాలుగు నెలల ఖర్చు. ఈ నిధిని మాత్రం పైపు కోసం ముట్టుకోకండి. మీ కోరికను మానుకోమనడం లేదు, ఈ 18 నెలలు ఆగమంటున్నాను.

వేయించే ముందు బీమా కంపెనీకి మార్పు సంగతి మెయిల్‌లో చెప్పి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. చెప్పకుండా మారిస్తే రేపు యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. బీమావాళ్లు కుదరదంటే అక్కడితో ఆపేయండి.

ఇంకొక్కటి. ఊడదీసిన పాత పైపును షాపులో వదిలేయకండి. దాని క్యాట్‌లో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. కారు అమ్మేటప్పుడు తిరిగి బిగించడానికీ అదే కావాలి. గుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టుకోండి.