నాన్నగారి చెవి మిషను గురించి: సమాధానం

కావలిలో ఉన్న మీ నాన్నగారు, రెండు నెలల కిందట కొన్న చెవి మిషనులో గిన్నెల మోతే తప్ప మాట తెలియడం లేదంటూ దాన్ని బీరువాలో పెట్టేశారని రాశారు. వేరే మిషను కొనే ముందు, చెవి కాలువలో సన్నటి గొట్టం పెట్టి, లోపలికి చేరే శబ్దాన్ని కొలిచి సెట్టింగు సరిచేసే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గరికి, నెల్లూరు దాకా వెళ్లవలసి వచ్చినా సరే, ఆయనను తీసుకువెళ్లండి. (మా అమ్మగారు ఒంగోలులో నెల రోజులు విసుక్కున్నాక, మిషను కొసన రంధ్రంలో గులిమి పేరుకుని ఉందని తేలింది.) చెవి మిషను వాడేవారి తృప్తిని తెలుసుకునే ఐఓఐ-హెచ్ఏ ప్రశ్నావళిలోని 7 ప్రశ్నలలో మొదటిది, రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారన్నదే. అంటే రోజూ పెట్టుకోవడం ముఖ్యం; అందువల్ల ముందు ఇంట్లో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు గంటసేపు పెట్టించి క్రమంగా పెంచండి. ట్రంకురోడ్డు రద్దీ, పెళ్లి సందడి తర్వాతి మాట. మీరు కూడా వంటగదిలోంచి కేక వేయకుండా ఎదురుగా కూర్చొని మాట్లాడండి.