ఆటోక్రాస్‌కి కాయిలోవర్లు ముందా, టైర్లు ముందా?

మీరు అడిగింది ఇదీ: 2019 హోండా సివిక్ ఎస్ఐ ఉంది, డల్లాస్ దగ్గర రెండు ఆటోక్రాస్ (కోన్లు పెట్టిన దారిలో ఒక్కో కారూ గడియారంతో పోటీపడే ఆట) ఈవెంట్లకు వెళ్లొచ్చారు, 2000 డాలర్లు పక్కన పెట్టారు. కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండి, కారు ఎత్తు మార్చుకోగలిగే సస్పెన్షన్ సెట్టు) కొనాలా, టైర్లు కొనాలా?

టైర్లే. కాయిలోవర్ల జోలికి ఇప్పుడే పోకండి. ఏడేళ్లుగా ఈ కోన్ల మధ్య తిరుగుతున్నాను, మీరు చేయబోతున్న పని నేను మొదట్లోనే చేసి డబ్బు తగలేశాను.

నా మొదటి కారు మజ్దా3. రెండో ఈవెంట్‌కే ఒకటిన్నర అంగుళం కిందికి దించే స్ప్రింగులు వేయించాను. చూడ్డానికి భలే ఉండేది. ఈవెంట్ పొద్దున టెక్ ఇన్‌స్పెక్షన్ (కార్ల తనిఖీ) చేసే పెద్దాయన టైరుకీ ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూసి, స్ప్రింగులు మార్చావా అని అడిగాడు. అవునన్నాను గర్వంగా. అయితే నువ్వు స్ట్రీట్ క్లాసులో లేవు, స్ట్రీట్ టూరింగ్‌కి వెళ్లు అన్నాడు. ఎక్కువ మార్పులకు అనుమతి ఉన్న ఆ క్లాసులో ఉన్నవాళ్లంతా ఏళ్ల తరబడి కారుని సిద్ధం చేసుకున్నవాళ్లు. ఆఖరి స్థానం నాదే. అదైనా భరించేవాణ్ని, కానీ కారు ముందుకంటే నెమ్మదించింది.

ఎందుకంటే, కారు దిగింది కానీ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) పాతవే. కాస్త గట్టిగా తిప్పగానే ముందు సస్పెన్షన్ కదలడానికి చోటు అయిపోయి బంప్ స్టాప్ (సస్పెన్షన్ చివర ఉండే రబ్బరు అడ్డు) మీద కూర్చునేది. అలా కూర్చున్న క్షణంలో ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోయి, ముందు టైరు పట్టు వదిలేస్తుంది. మీరు స్టీరింగ్ తిప్పుతూనే ఉంటారు, కారు తిన్నగా కోన్ మీదికి పోతుంది. పైగా ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం సస్పెన్షన్ ఉన్న కారుని (మీ సివిక్ కూడా అదే) బాగా దించితే కింది ఆర్మ్ కోణం మారిపోయి, ఒరిగినప్పుడు రావలసిన నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) రాదు. టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. ఆరు నెలలు కాకుండానే పాత స్ప్రింగులు మళ్లీ బిగించుకున్నాను.

అందుకే ముందు రూల్‌బుక్ చదవండి. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) ఆటోక్రాస్ పోటీలైన సోలోలో, స్ట్రీట్ కేటగిరీకి టైరు మీద ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె) 200 లేదా అంతకంటే ఎక్కువ రాసి ఉండాలి. డ్యాంపర్లు మార్చుకోవచ్చు, స్ప్రింగులు మార్చకూడదు. ముందుదో వెనకదో ఒక్క స్వే బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) మార్చవచ్చు. చక్రం వెడల్పు అలాగే ఉంచి, వ్యాసం ఒక అంగుళం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. రూల్స్ ఏటా సవరిస్తారు, కొనే ముందు ఆ ఏటి పుస్తకం చూసుకోండి. మీది 18 అంగుళాల చక్రం కాబట్టి 17కి దిగవచ్చు. టైర్లు కాస్త చవకగా వస్తాయి, చక్రం బరువూ తగ్గుతుంది.

ఇక టైర్లు. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఒక ఆదివారం తీసుకెళ్లాను. గొడుగు కింద కూర్చుని రోజంతా చూసి, సాయంత్రం ఇంటికొస్తుంటే అంది: "ఆరు నిమిషాలు నడపడానికి పొద్దున్నే ఐదింటికి లేచావా?" లెక్క కరెక్టే. ఆరు రన్నులు, ఒక్కోటి నిమిషం. టైరు ఎంచుకోవడంలో కిటుకంతా ఆ నిమిషంలోనే ఉంది. టైరు వేడెక్కేదాకా ఆగే వీల్లేదు, మొదటి మలుపు నుంచే పట్టుకోవాలి.

200 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఆ అంకె వేసుకునేది టైరు కంపెనీయే. యోకోహామా అడ్వాన్ ఏ052, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, హాంకూక్ ఆర్‌ఎస్4, మూడింటి మీదా 200 అనే ఉంటుంది. ఏ052 చల్లగా ఉన్నా అతుక్కుంటుంది, అందుకే గెలవాలనుకునేవాళ్లు దాన్ని వదలరు. కానీ త్వరగా అరుగుతుంది, టెక్సస్ ఎండలో ఇద్దరు డ్రైవర్లు ఒకే కారు నడిపితే నాలుగో రన్నుకల్లా జారడం మొదలవుతుంది. రన్నుకీ రన్నుకీ మధ్య తోటకి మందు కొట్టే పంపుతో నీళ్లు చల్లుతూ కనిపించేది ఆ టైర్ల వాళ్లే. ఆర్‌ఎస్4 దీనికి పూర్తి విరుద్ధం. చాలాకాలం మన్నుతుంది, రేస్ ట్రాక్ మీద చాలాసేపు నడిపే ట్రాక్ డేలకు బంగారం, కానీ మన ఒక్క నిమిషంలో అది పూర్తిగా నిద్రలేవదు. నా ఓటు ఆర్‌ఈ-71ఆర్‌ఎస్‌కి. రోజూ ఆఫీసుకి కూడా ఇదే కారైతే ఫాల్కెన్ ఆర్‌టీ660 కూడా చూడండి. ఇలాంటి టైర్లతో హైవే మీద నీళ్లు నిలిచినచోట వేగం తగ్గించండి. గడ్డకట్టే చలిలో అసలు వాడకండి, రబ్బరు పగిలే ప్రమాదం ఉంది.

అయితే ఇప్పుడున్న టైర్లు అరిగేదాకా ఇంకో మూడు నాలుగు ఈవెంట్లు వాటితోనే నడపండి. మామూలు టైరు జారే ముందు కీచుమని అరిచి చెబుతుంది. పట్టున్న టైరు పెద్దగా చెప్పదు, చెప్పేసరికి ఆలస్యమైపోతుంది.

గాలి ఒత్తిడి మాత్రం మొదటి రోజు నుంచే పట్టించుకోండి, పైసా ఖర్చు లేదు. బూట్లకు వేసే తెల్ల పాలిష్ సీసా ఒకటి కొనండి. టైరు నేలకు ఆనే చోటు నుంచి పక్కగోడ మీదికి వచ్చేలా మూడు చోట్ల గీతలు పెట్టండి. చాలా టైర్ల అంచున చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. రన్ అయ్యాక చూస్తే, పాలిష్ ఆ త్రికోణం దాటి పక్కగోడ మీద కూడా చెరిగిపోయిందంటే టైరు మడత పడుతోంది, గాలి పెంచాలి. చెరగడం త్రికోణం దాకా రాకుండా చాలా ముందే ఆగిపోతే గాలి ఎక్కువైంది. మీ కారుకి ముందు 38, వెనక 35 పీఎస్ఐతో మొదలుపెట్టండి. రన్నులు అవుతున్నకొద్దీ వేడికి ఒత్తిడి పెరుగుతుంది, ప్రతి రన్ తర్వాతా కొలిచి తీసేస్తూ ఉండాలి. ఇది బద్ధకించేవాళ్లే ఎక్కువ, నేనూ రెండేళ్లు బద్ధకించాను.

అలైన్‌మెంట్‌కి వెళ్లినప్పుడు ముందు చక్రాలకు మొత్తం 1/8 అంగుళం టో-అవుట్ (చక్రాల ముందు అంచులు కాస్త బయటికి తిరిగి ఉండటం) అడగండి. మలుపులోకి కారు చప్పున తిరుగుతుంది. లోపలి అంచు కాస్త ఎక్కువ అరుగుతుంది, అంతే.

ఆ తర్వాత డబ్బు మిగిలితే వెనక స్వే బార్. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి ఇంత తక్కువ ఖర్చులో ఇంత తేడా ఇంకేదీ తేదు. వెనక బార్ గట్టిదైతే ఒరుగుడు భారం ఎక్కువగా వెనక చక్రాలు మోస్తాయి, లోపలి ముందు చక్రం నేలను వదలదు. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిన ఫొటోలు మీరు చూసే ఉంటారు, అది ప్రమాదం కాదు, అలా ఉండాల్సిందే. కానీ మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనక భాగం తిరుగుతుంది. ఒక ఫ్రెండ్ సివిక్‌కి బార్ మేమే బిగించాం, మర్నాడు సన్నగా వాన. నా మొదటి రన్‌లోనే కారు గిర్రున తిరిగి మూడు కోన్లు ఎగిరాయి. ఒక్కోదానికి 2 సెకన్ల జరిమానా, మొత్తం 6. వాడు ఇప్పటికీ నాకు తాళాలు ఇచ్చేటప్పుడు ఆలోచిస్తాడు.

డ్యాంపర్లు ఆఖరికి. నా మజ్దా మియాటాకి కోనీ కంపెనీ పసుపు డ్యాంపర్లు వేశాక స్లాలంలో (వరుస కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పే చోట) కారు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఊగడం ఆగింది, నాకు చాలా నచ్చింది. మీ విషయం వేరు. ఎస్ఐలో ఉన్నవి ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు, వాటిని తీసేస్తే డాష్‌బోర్డులో లైట్లు వెలుగుతాయి, ఆర్పడానికి ఇంకో సామాను కొనాలి. ఈ సీజన్‌కి స్పోర్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకోండి.

టైర్లకు వెయ్యి నుంచి పన్నెండు వందలు, బార్‌కి రెండు మూడు వందలు అనుకోండి. మిగిలింది ఎంట్రీ ఫీజులకు ఉంచండి. ఒక చిన్న టార్క్ రెంచ్ (నట్టు ఎంత బిగిందో కొలిచే రెంచ్) కూడా కొనుక్కోండి. మీ చక్రాల నట్లకు 80 ఫుట్-పౌండ్లు, టెక్ లైన్‌లోకి వెళ్లే ముందే బిగించుకుంటే ఆ పెద్దాయన వేళ్లు ఫెండర్ దాకా వెళ్లవు.