అమెరికాలో ఆరు ఊళ్లు తిరగాలి... ఇన్సులిన్ ఏ టైముకు వేసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 59. పన్నెండేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. ఉదయం, రాత్రి గ్లిమిపిరైడ్ 1 – మెట్‌ఫార్మిన్ 500 మాత్ర, ఉదయం డాపాగ్లిఫ్లోజిన్ 10, టెల్మిసార్టన్ 40, పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. రాత్రి పదింటికి గ్లార్జిన్ ఇన్సులిన్ 16 యూనిట్లు తీసుకుంటాను. సెప్టెంబర్ మూడో వారంలో నా స్నేహితురాలితో కలిసి మూడు వారాల పాటు న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో, డెన్వర్, లాస్ వేగాస్, శాన్ ఫ్రాన్సిస్కో చూసి రావాలని టికెట్లు తీసుకున్నాం. అక్కడ మాకు పిల్లలు, బంధువులు ఎవరూ లేరు, హోటళ్లలోనే ఉంటాం. ఊరు మారినప్పుడల్లా టైము మారుతుందంటున్నారు. మందులు ఎలా సర్దుకోవాలి? నా స్నేహితురాలికి మోకాళ్ల నొప్పులున్నాయి, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంది. తనకూ జాగ్రత్తలు చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

డాక్టర్ సలహా: మీరు నిశ్చింతగా వెళ్లిరావచ్చు. అయితే ఒక్క విషయం ముందే తేల్చుకోండి. ఇన్సులిన్ ఇండియా టైము ప్రకారం, షుగర్ మాత్రలు మీరు తినే భోజనం ప్రకారం, మిగతావి అక్కడి ఉదయం ప్రకారం. ఈ మూడూ కలగాపులగం చేసుకున్నప్పుడే ప్రయాణాల్లో షుగర్ పడిపోతుంది.

గ్లార్జిన్ దాదాపు 24 గంటలు ఒకే తీరుగా పనిచేస్తుంది. దానికి పగలు, రాత్రి తేడా లేదు, తిండితోనూ సంబంధం లేదు. కాబట్టి అమెరికా రాత్రికి మార్చుకోవాలని ప్రయాస పడకండి. మన రాత్రి 10 గంటలంటే మీరు వెళ్లే రోజుల్లో న్యూయార్క్, వాషింగ్టన్‌లలో మధ్యాహ్నం 12.30, షికాగోలో 11.30, డెన్వర్‌లో ఉదయం 10.30, లాస్ వేగాస్, శాన్ ఫ్రాన్సిస్కోలలో 9.30. ఊరు ఏదైనా మీ ఒంటికి రెండు డోసుల మధ్య 24 గంటలే అవుతుంది. ఫోన్‌లో రెండో గడియారంగా ఇండియా టైము పెట్టుకుని, రోజూ దాని ప్రకారమే అలారం మోగేలా చూసుకోండి. గంట అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఒకవేళ మరిచిపోయి నాలుగైదు గంటల తర్వాత గుర్తొస్తే అప్పుడు వేసుకోండి, మర్నాడు మళ్లీ మామూలు టైముకు రండి. వేశానా లేదా అని అనుమానం వస్తే మాత్రం రెండోసారి పొడవద్దు. ఆ పూట షుగర్ కొంచెం పెరిగినా సర్దుకోవచ్చు, రెండు డోసులు పడితే రోజంతా ప్రమాదమే. వేసిన వెంటనే చిన్న డైరీలో టైము రాసే అలవాటు చేసుకోండి.

వెళ్లేటప్పుడు ఒక డోసు విమానంలోనే వేసుకోవాల్సి రావచ్చు. పెన్నుకు సూది ముందే తగిలించి ఉంచితే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి మారినప్పుడు లోపల బుడగలు చేరి డోసు తగ్గుతుంది. వేసుకునే ముందే కొత్త సూది పెట్టి, 2 యూనిట్లు బయటికి వదిలి, తర్వాత 16 తిప్పి వేసుకోండి. పొడిచాక పది లెక్కపెట్టేదాకా సూది తీయకండి.

గ్లిమిపిరైడ్ విషయంలోనే ఎక్కువ మంది దెబ్బతింటారు. ఈ మందు మీరు తిన్నారా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. విమానంలో 'భోజనం వస్తోంది' అని ప్రకటించగానే మాత్ర వేసుకుంటే, కుదుపులొచ్చి వడ్డన గంటసేపు ఆగిపోవచ్చు. అందుకే ట్రే మీ ముందుకు వచ్చి, మూత తీసి, తినగలిగే పదార్థం ఉందని చూసుకున్నాకే మాత్ర వేసుకోండి. పడమటికి వెళ్తున్నారు కాబట్టి ఆ రోజు చాలా పొడుగు, రెండు మూడు సార్లు ఏదో ఒకటి పెడతారు. ప్రతి ట్రేకీ మాత్ర కాదు. ఇండియా లెక్కన 24 గంటల్లో రెండే, అవీ పెద్ద భోజనాలకే. టికెట్‌లో 'డయాబెటిక్ మీల్' కోరితే కొన్ని సంస్థలు పిండి పదార్థాలు బాగా తగ్గించి పంపుతాయి, శాకాహారం అవుతుందన్న హామీ కూడా లేదు. మీలాగా మాత్రలు వాడేవారు 'ఏషియన్ వెజిటేరియన్' అడగడం మేలని నా అభిప్రాయం. కనీసం రెండు రోజుల ముందు చెప్పాలి. అమెరికా లోపలి విమానాల్లో మామూలు టికెట్‌కు సాధారణంగా భోజనం ఉండదు, ఓ చిన్న బిస్కెట్ ప్యాకెట్, కాఫీతో సరి. న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా ప్రతి విమానానికీ మీ తిండి మీ సంచిలో ఉండాలి. అయితే ఇక్కడి నుంచి వెళ్లే విమానంలో ఇచ్చిన యాపిల్, అరటిపండు దాచుకుని అక్కడ దిగకండి. కస్టమ్స్ దగ్గర చెప్పకుండా పండు పట్టుబడితే జరిమానా వేస్తారు.

అక్కడ మీరు రోజూ నడిచే నడక హనుమకొండలో నడిచేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం నుంచి లింకన్ స్మారకం దాకా దాదాపు 3 కిలోమీటర్లు, అదీ ఒక వైపే. గోల్డెన్ గేట్ వంతెన 2.7 కిలోమీటర్లు. కండరాలు వాడుకున్న చక్కెరను రాత్రి తిరిగి నింపుకుంటాయి కాబట్టి, పగలు నడిచిన నడకకు తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. బాగా తిరిగిన రోజు పడుకునే ముందు తప్పకుండా పరీక్షించుకోండి. 120 కంటే తక్కువ ఉంటే పాలు గానీ, వేరుశెనగ వెన్న రాసిన ఒక బ్రెడ్ ముక్క గానీ తినండి. పొద్దున పరగడుపు షుగర్ వరుసగా రెండు రోజులు 100 లోపు వస్తే ఇన్సులిన్ 2 యూనిట్లు తగ్గించుకునేలా, రోజంతా తిరిగే రోజుల్లో ఉదయం గ్లిమిపిరైడ్ లేకుండా ఒట్టి మెట్‌ఫార్మిన్ వేసుకునేలా మీ డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడి రాయించుకోండి. విడి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఇక్కడే కొనుక్కుంటే సరిపోతుంది.

చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం, అకారణంగా చిరాకు కనిపిస్తే నిలబడ్డచోటే ఆగి పరీక్షించుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలుపుకుని తాగండి, లేదా 150 మి.లీ. పండ్లరసం. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. 'డైట్', 'జీరో' అని ఉన్న కూల్‌డ్రింకుల్లో చక్కెరే ఉండదు. ఈ సంగతులన్నీ మీకన్నా మీ స్నేహితురాలికి బాగా తెలియాలి. మీరు తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి 'డయాబెటిక్, ఆన్ ఇన్సులిన్' అని చెప్పాలని ఆమెకు నేర్పండి.

డాపాగ్లిఫ్లోజిన్ మూత్రంలో చక్కెరను బయటికి పంపుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. న్యూయార్క్ వీధుల్లో టాయిలెట్లు దొరకడం కష్టమని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మీ విషయంలో అలా చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్, జననాంగాల దగ్గర దురద మొదలవుతాయి. పెద్ద లైబ్రరీలు, మ్యూజియాలు, పెద్ద దుకాణాల్లో టాయిలెట్లుంటాయి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం, చాలావాటిలోకి నడక మధ్యలో వెళ్లి రావచ్చు. దురద వస్తే క్లోట్రిమజోల్ క్రీమ్ అక్కడ చీటీ లేకుండానే ఇస్తారు.

ఈ మందుతో అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. శాకాహారం దొరక్క రెండు రోజులు సలాడ్, కాఫీలతో గడిపినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరగవచ్చు. షుగర్ 200 లోపే ఉన్నా ఇది రావచ్చు కాబట్టి మీటర్ చూసి మోసపోతారు. వాంతులు మొదలైన రోజే డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ ఆపండి. తినకపోతే గ్లిమిపిరైడ్ కూడా వద్దు. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా ఆపకూడదు, డోసు ఎంతో ఫోన్ చేసి మీ డాక్టర్‌నే అడగండి. కడుపునొప్పి, ఆయాసం, వాంతులు కలిసి వస్తే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నానని చెప్పి కీటోన్లు చూడమనండి. మామూలుగా తిని తాగడం మొదలైన 24–48 గంటలకు మందులన్నీ తిరిగి మొదలుపెట్టవచ్చు.

తిండి గురించి ఎక్కువ భయపడక్కర్లేదు. హోటళ్లలో ఉచితంగా పెట్టే టిఫిన్‌లో వాఫుల్, తీపి సీరియల్, రసం, పండ్ల రుచుల పెరుగు వదిలేసి, గుడ్డు తినేవారైతే గుడ్డు, లేకపోతే ఓట్స్, సాదా పెరుగు, వేరుశెనగ వెన్న తీసుకోండి. ఒక బేగెల్‌లో (గారెలా మధ్యలో చిల్లు ఉండే బ్రెడ్) 50 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది, సగం చాలు. మెక్సికన్ హోటళ్లలో అన్నం, రాజ్మా, కూరగాయలు కలిపి ఇచ్చే గిన్నె మనవాళ్లకు బాగా సరిపోతుంది. అక్కడి ఒక వడ్డన ఇద్దరికి వస్తుంది, స్నేహితురాలితో పంచుకోండి.

డెన్వర్ 1,609 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ ఎత్తు మామూలుగా ఇబ్బంది పెట్టదు. కానీ అక్కడి నుంచి రాకీ పర్వతాల్లోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీదికి కారులో వెళితే కొన్ని గంటల్లోనే 3,713 మీటర్ల ఎత్తుకు చేరిపోతారు. డెన్వర్‌లో కనీసం రెండు రాత్రులు ఉన్నాకే పైకి వెళ్లండి, పైన ఎక్కువసేపు ఆగకండి, ఎక్కినచోట నడకలు వద్దు. తలనొప్పి, వికారం, నీరసం ఎత్తు వల్ల రావచ్చు, షుగర్ పడిపోయినా అవే లక్షణాలు. ముందు షుగర్ చూసుకోండి, అది బాగుంటే వెంటనే కిందికి దిగండి.

లాస్ వేగాస్‌లో సెప్టెంబర్‌లోనూ ఎండ గట్టిగానే ఉంటుంది. ఆపి ఉంచిన కారులో ఇన్సులిన్ పెన్ను వదిలితే పాడైపోతుంది. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు 28 రోజులు బయట ఉండొచ్చు. నీళ్లలో నానబెట్టి వాడే కూలింగ్ పౌచ్ ఒకటి కొనుక్కోండి. హోటల్ ఫ్రిజ్‌లో మంచు కట్టే అర పక్కన పెట్టకండి, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనిచేయదు. లగేజీలో వేసినా అదే ప్రమాదం, కాబట్టి మొత్తం చేతి సంచిలోనే. 300 యూనిట్ల పెన్ను, వదిలే 2 యూనిట్లతో కలిపి మీకు 16 రోజులొస్తుంది. రెండు చాలినా మూడు తీసుకెళ్లండి. రోజుకు నాలుగు లెక్కన స్ట్రిప్పులు 84 కావాలి, వంద పెట్టుకోండి. మన మీటర్లకు సరిపడే స్ట్రిప్పులు అక్కడ దొరకకపోవచ్చు. సెక్యూరిటీ దగ్గర ఇన్సులిన్ ఉందని ముందే చెప్పండి, 100 మి.లీ. నిబంధన దానికి వర్తించదు. మాత్రలు స్ట్రిప్పుల నుంచి విప్పకండి. మందుల అసలు పేర్లు టైపు చేసిన డాక్టర్ చీటీ దగ్గరుంచుకోండి. కస్టమ్స్ దాటాక ఒక పెన్ను, వారం మాత్రలు మీ స్నేహితురాలి సంచిలో పెట్టండి.

ఇక ఆమె గురించి. ఆమ్లోడిపిన్‌తో పాదాల వాపు మామూలే, 14 గంటల విమానంలో ఇంకా పెరుగుతుంది. మోకాలి కింది వరకు వచ్చే 15–20 ఎంఎం ఒత్తిడి మేజోళ్లు, నడవ పక్క సీటు, రెండు గంటలకోసారి లేచి నడవడం చాలు. ఒకే పిక్క వాచి నొప్పిపెట్టినా, దిగాక ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి. అమెరికా మందుల దుకాణాల్లో ఇబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్ బిస్కెట్లలా అరల్లో పేర్చి ఉంటాయి. బీపీ ఉన్న మీరిద్దరూ వాటి జోలికి పోకండి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. అక్కడ పారాసిటమాల్ పేరు ఎసిటమినోఫెన్, రోజుకు 3 గ్రాములు దాటకూడదు. జలుబు మందుల్లోనూ అదే కలిసి ఉంటుంది, లేబుల్ చూడండి. మోకాళ్లకు డైక్లోఫెనాక్ జెల్ చీటీ లేకుండా దొరుకుతుంది. విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ ఉచితం, బుకింగ్‌లోనే అడగమనండి.

వెళ్లేముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ఈసీజీ, కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. ఫ్లూ టీకా రెండు వారాల ముందు. కొత్త బూట్లు వద్దు, నెలకు పైగా వాడినవే వేసుకుని, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. ఇన్సూరెన్స్‌లో షుగర్, బీపీ దాచిపెట్టకండి. పాతజబ్బులు ముదిరితే ఖర్చు ఇస్తారో లేదో పాలసీలో ఆ భాగం చదివాకే డబ్బు కట్టండి. చిన్న ఇబ్బందులకు 'అర్జెంట్ కేర్' క్లినిక్, ప్రాణాపాయానికి ఎమర్జెన్సీ. 1986 నాటి చట్టం ప్రకారం డబ్బు లేదని ఎమర్జెన్సీలో చూడకుండా పంపకూడదు, కానీ బిల్లు తర్వాత వస్తుంది. ఇంగ్లిష్ తడబడితే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్' అడగండి, ఆసుపత్రులు ఫోన్‌లో ఏర్పాటు చేస్తాయి.

తిరుగు ప్రయాణంలో ఇన్సులిన్ అలారం మార్చే పనే లేదు. టెల్మిసార్టన్, థైరాయిడ్ మాత్రలు శాన్ ఫ్రాన్సిస్కోలో చివరి ఉదయం వేసుకుని, మళ్లీ ఇంటికొచ్చాక మొదటి ఉదయం వేసుకోండి. మధ్యలో గంటలు పెరిగినా ఫర్వాలేదు. విమానంలో తెల్లారిందని ఇంకోటి వేసుకోవద్దు.